కుండ బోర్లించే వేళ

మా వీధి మలుపులో ఒక వైన్ షాపు, దాని పక్కనే రేకుల కప్పు కింద కూర్చుని తాగే గది, ఆ గది ముందు ఒక తోపుడుబండి ఉన్నాయి. సాయంత్రం ఐదు దాటగానే బండి మీది గిన్నెలో బొబ్బర్ల గుడాలు ఉడుకుతాయి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి పోపు పెట్టిన ఆ వాసన మా వరండా దాకా వస్తుంది. ఈమధ్య ఆ షాపు మూసే సమయాన్ని ఇంకో గంట పొడిగించారు. తొందర లేకుండా తాగితే గొడవలు తగ్గుతాయని కొందరు, ఎంతసేపు తెరిచి ఉంటే అంతసేపూ గొడవేనని కొందరు మా వీధిలో వాదించుకున్నారు. ఆ వాదన నాకు కొత్తది కాదు. పదేళ్ల వయసులో దాన్ని నేను గుండ్రటి అక్షరాలతో కాగితం మీద రాశాను.

మాది శ్రీరాంపూర్ దగ్గర ఒక బొగ్గుగని పక్కన కట్టిన లైన్లలో ఒక ఇల్లు. ఎదురెదురుగా రెండు వరుసల గదులు, నడుమ పొడుగాటి వాకిలి, ఆ చివర అందరికీ కలిపి ఒక నల్లా. ఇంటికీ ఇంటికీ మధ్య ఒక్క ఇటుక మందం గోడ, అవతలి ఇంట్లో పప్పు దంచినా ఇవతల వినబడేది. ఎండాకాలం రేకులు కాలి ఇంట్లో నిలబడలేక అందరం వాకిట్లోనే బతికేవాళ్లం. పొద్దు వాలగానే నీళ్లు చల్లితే నేల నుంచి ఆవిరి లేచేది, ఆ ఆవిరిలో మట్టి వాసనా బొగ్గు వాసనా కలిసే వచ్చేవి. అడవి నుంచి గంపల్లో తునికిపండ్లు, ఈతపండ్లు వచ్చేవి, ఇప్పపూలు చాపల మీద ఎండేవి, మేము ఆ చాపల చుట్టూ తొక్కుడుబిళ్ల ఆడి తిట్లు తినేవాళ్లం. బతుకమ్మ పండుగ వస్తే తంగేడు, గునుగు పూలు తెచ్చి రాశులు పోసేవాళ్లు, నైవేద్యం పెట్టిన నువ్వుల సద్ది, పల్లీల సద్ది ఇంటింటికీ మారేది, ఎవరి చేతి సద్ది ఎవరింట్లో తింటున్నామో తెలియకుండా తినేవాళ్లం.

బాపు, అంటే మా నాన్న, గనిలో దీపాల గది గుమాస్తా. దిగే ప్రతి మనిషికీ ఒక దీపం ఇవ్వడం, ఎక్కి వచ్చాక తీసుకోవడం, ఏ దీపం ఎన్ని గంటలకు పోయిందో ఎన్ని గంటలకు తిరిగి వచ్చిందో పుస్తకంలో ఎక్కించడం ఆయన పని. ఏ దీపమైనా తిరిగి రాకపోతే ఆయన ఇంటికి వచ్చేవాడు కాదు. కల్లు ముట్టేవాడు కాదు, గొంతు పెంచేవాడు కాదు. పాడైపోయిన ఒక పుస్తకంలో మిగిలిన తెల్ల కాగితాలను కుట్టి నాకిచ్చి, రోజూ రెండు వాక్యాలు రాయమన్నాడు. నా డైరీలు అలా మొదలయ్యాయి.

మా అమ్మను నేను అవ్వ అనేదాన్ని. అవ్వకు ఒక్కగానొక్క తమ్ముడు కొమురయ్య మామ మా పక్కింట్లోనే ఉండేవాడు. గని పైన బొగ్గు టబ్బులు నెట్టే పని, పొద్దున వెళ్లి సాయంత్రం ఐదింటికి ముగిసే జనరల్ షిఫ్టు. తాగని మామ లైన్లో పిల్లలందరికీ కావలసినవాడు. తాటాకుతో బూరలు చేసేవాడు, నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని గోదావరి చూపించుకొచ్చేవాడు. తాగితే ఆయన చెయ్యి ముందు రాజవ్వ అత్త మీదికే పోయేది. అత్తది జమ్మికుంట వైపు. రెండుసార్లు కడుపు పోయి, ఆ ఏడు మూడోసారి ఐదో నెల నడుస్తోంది. అవ్వ ఆమెను బిందె ఎత్తనిచ్చేది కాదు, ముసురులో నల్లా దాకా పోనిచ్చేది కాదు. ఈసారి ఆ బిడ్డను దక్కించుకోవాలన్నది మా రెండిళ్లలో అందరి నోటా ఉన్న మాట.

వాగు ఒడ్డున ఈతచెట్ల కింద నర్సాగౌడ్ కల్లు దుకాణం ఉండేది. మొద్దులే బల్లలు, తాటాకు రేకలే గ్లాసులు. సాయంత్రం చెట్టు నుంచి దింపిన కల్లు అయిపోయి, వాగు అవతల దీపాలు కనబడే వేళకు నర్సాగౌడ్ పెద్ద కుండను కడిగి నేల మీద బోర్లించేవాడు. ఒకసారి బోర్లించిన కుండను ఆ రోజు మళ్లీ ఎత్తితే చెట్టు ఎండుతుందని వాళ్ల నమ్మకం. దొర వచ్చి అడిగినా ఎత్తేవాడు కాదు. కుండ బోర్లించారన్న కబురు మనిషి కంటే ముందు లైన్లకు వచ్చేది. అప్పుడు ఆడవాళ్లంతా బీడీలు చుట్టే చాటలు ఒళ్లో పెట్టుకుని వాకిట్లోకి వచ్చి కూర్చునేవాళ్లు. ఎవరూ ఎవరినీ పిలిచేవాళ్లు కాదు, అదొక అలవాటు. తునికాకు కత్తిరిస్తూ, దారం చుడుతూ, వచ్చే మగవాళ్లను ఒక్కొక్కరినే ఇంట్లోకి పంపేవాళ్లు.

వాళ్లందరికీ పెద్దదిక్కు ఖాసీంబీ. భర్త గనిలోనే పోయాడు, మూల ఇంట్లో కొడుకు దగ్గర ఉండేది. ఆమె నోటికి లైన్లో అందరూ భయపడేవాళ్లు. మామ తూలుతూ వస్తే చాటలోంచి తల ఎత్తకుండానే అనేది: "కొమురయ్యా, నీ కాళ్లొచ్చినయ్ బేటా. నువ్వు ఇంకా దుకాణంల్నే ఉన్నవా?" వాకిలంతా నవ్వేది, ఒక్కోసారి మామ కూడా నవ్వి నల్లా కట్ట మీద కూర్చునిపోయేవాడు. నవ్వని రోజు లోపలికి వెళ్లి చెయ్యి లేపితే, ఖాసీంబీ తన పీట తెచ్చి ఆ గడపలో వేసుకుని కూర్చునేది. మిగతావాళ్లు చాటలతో సహా ఆ ఇంటి ముందుకు జరిగేవాళ్లు. తిట్టేవాళ్లు కాదు, ఆపేవాళ్లు కాదు, బీడీలు చుట్టుకుంటూనే ఉండేవాళ్లు. ఇరవై మంది ఆడవాళ్లు చూస్తుండగా ఎంత తాగినవాడికైనా చెయ్యి కాసేపటికి కిందికి దిగేది. మామ గోడ వైపు తిరిగి పడుకునేవాడు, ఖాసీంబీ పీట తీసుకుని వెళ్లిపోయేది.

గొడవలు మాత్రం కుండ దగ్గరే పుట్టేవి. జనరల్ షిఫ్టు వాళ్లు ఐదున్నరకు దుకాణం చేరితే కుండ బోర్లించడానికి గంట కూడా ఉండేది కాదు. ఆ గంటలో రేక మీద రేక దించుకుని, చివరి రేక కోసం కలబడేవాళ్లు. రాత్రి పని ముగిసే రెండో షిఫ్టు వాళ్లకు అసలే దొరకదు. ఒక సాయంత్రం ఒకరికి తల పగిలింది. బాపుకు ఇది షిఫ్టుల లెక్కగా కనబడింది. మనుషులు మూడు వేళల్లో పైకి వస్తున్నప్పుడు దుకాణం ఒక్క వేళకే మూస్తే తోపులాట కాక ఏమవుతుంది, దీపాల గది కూడా అలా నడిపితే అంతే కదా అనేవాడు. దుకాణం రెండో షిఫ్టు వాళ్లు పైకి వచ్చేదాకా తెరిచి ఉంచితే తొందర ఉండదు, తొందర లేకపోతే కొట్లాట ఉండదని ఆబ్కారీ అధికారికి అర్జీ తయారు చేశాడు. ఆయన అక్షరం ముళ్లకంప, నాది గుండ్రంగా ఉంటుందని శుభ్రంగా తిరగరాసే సాఫు ప్రతి నాచేత రాయించాడు. కింద మగవాళ్లు వచ్చి ఒక్కొక్కరే వేలిముద్ర వేసి, వేలు తలకు తుడుచుకుని వెళ్లారు. మామ కూడా వేశాడు.

అవ్వ పొయ్యి దగ్గర నుంచి ఆ వరుసను చూస్తూనే ఉంది. అందరూ వెళ్లాక అడిగింది:

"గిండ్ల మా ఆడోళ్ల ఏలు ఒక్కటన్న ఉన్నదా?"

"మీరు తాగుతరా ఏంది, మీ ఏలెందుకు?" అన్నాడు బాపు. వెటకారంగా అనలేదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. అవ్వ పెనం మీది రొట్టె తిప్పింది. ఆనాటి నా రెండు వాక్యాలు ఇవి: అర్జీ రాసిన. బాపు మెచ్చుకున్నడు.

అర్జీ ఫలించింది. నర్సాగౌడ్ అన్ని గంటలు నడపలేనని తప్పుకుంటే, పట్నం నుంచి ఒక గుత్తేదారు వచ్చి వాగు ఒడ్డున రేకుల షెడ్డు వేశాడు. చెట్టు ఎక్కువ గంటలు కల్లు ఇవ్వదు కాబట్టి చెట్టు కల్లుకు మత్తుమందు కలిపిన మందు కల్లు తోడైంది, రేకలు పోయి సీసాలు వచ్చాయి, బోర్లించడానికి కుండే లేకుండా పోయింది. కానీ నిజం చెప్పాలి, మొదట్లో బాపు మాటే నెగ్గింది. దుకాణం దగ్గర తోపులాట తగ్గింది. తలలు పగలలేదు. దసరాకు జమ్మి ఆకు పంచుకునేటప్పుడు మగవాళ్లు బాపును ఆలింగనం చేసుకుని, గుమాస్తా సాబ్ పుణ్యమా అని నిమ్మళంగా తాగుతున్నామన్నారు. బాపు ఆ పూట కొత్త దోవతిలో ఇంకొంచెం నిటారుగా నడిచాడు.

వాకిట్లో ఏం జరుగుతోందో మాత్రం ఎవరూ గమనించలేదు. మగవాళ్లు ఇప్పుడు ఒకేసారి రావడం లేదు. ఒకరు ఎనిమిదికి, ఒకరు పదికి, ఒకరు ఇంకా తర్వాత. మొదటి కొన్ని రోజులు ఆడవాళ్లు చాటలు పట్టుకుని కూర్చున్నారు. దీపం వెలుగులో ఆకు సరిగా కనబడదు, తెల్లవారుజామున మొదటి షిఫ్టుకు సద్ది కట్టాలి, చంటిపిల్లలు ఒళ్లోనే నిద్రపోతారు. ఒకరి తర్వాత ఒకరు లేచి వెళ్లడం మొదలైంది. పండుగ దాటి చలి దిగేసరికి వాకిట్లో ఖాసీంబీ ఒక్కతే మిగిలింది, కొన్నాళ్లకు ఆమెను కూడా దగ్గు వస్తుందని కొడుకు లోపలికి పిలిచేవాడు. తలుపులు మూసుకున్నాయి. మామ ఇంటికి ఎప్పుడు వస్తున్నాడో నాకు తెలిసేది కాదు, పొద్దున ఆయన చెప్పులు చూసి వచ్చాడనుకునేదాన్ని.

ఒక తెల్లవారి నేను లేచేసరికి అవ్వ ఇంట్లో లేదు. పక్కింటి ముందు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు, ఒక్కరి చేతిలో కూడా చాట లేదు. లోపల రోకలి రెండు ముక్కలై పడి ఉంది. మంత్రసాని బట్టలో చుట్టిన చిన్న మూటను పట్టుకుని బయటికి వచ్చి, ఆడపిల్ల అని మాత్రం చెప్పింది. అత్త గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, ఏడవడం లేదు. మామ నల్లా కట్ట మీద తల పట్టుకుని కూర్చుని, తనకేమీ గుర్తు లేదని వచ్చినవాళ్లకల్లా చెబుతున్నాడు. ఖాసీంబీ మా గడప పక్కన కూలబడి, "నిద్ర పట్టింది బేటీ, నాకు నిద్ర పట్టింది" అని అవ్వతో ఎన్నిసార్లు అందో.

మూడో రోజు అత్త అన్నదమ్ములు బండి కట్టుకుని వచ్చి ఆమెను జమ్మికుంట తీసుకెళ్లారు. మామ రెండుసార్లు వెళ్లి పిలిచాడు, ఆమె బయటికి రాలేదు. కొన్నేళ్లకు కామెర్లు ముదిరి ఆ లైన్లలోనే పోయాడు. బాపు ఆ తర్వాత ఎవరికీ అర్జీ రాసిపెట్టలేదు. దీపాల పుస్తకం మాత్రం రిటైరయ్యే రోజు దాకా ఒక్క తప్పు లేకుండా రాశాడు. అవ్వ ఆ విషయంలో ఆయనను ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేదని ఆయన చివరి రోజుల్లో నాతో అన్నాడు.

నేను లెక్కల టీచరుగా చేరి, పదవీ విరమణ చేసి, ఇన్నేళ్లలో ఆ గంటల గురించి చాలా ఆలోచించాను. ఒక ఏడు మందు కల్లే కారణమనుకున్నాను, ఒక ఏడు మామ చెయ్యే కారణమనుకున్నాను, ఎక్కువ ఏళ్లు నా గుండ్రటి అక్షరాలే అనుకున్నాను. పోయిన చలికాలం జమ్మికుంట వెళ్లాను. అత్త పత్తి మార్కెట్లో ఏరుడు పనికి పోయి బతికింది, ఇప్పుడు తమ్ముడి మనవరాలి దగ్గర ఉంటోంది. చూపు తగ్గింది, మాట తగ్గలేదు. ఆ సాఫు ప్రతి రాసింది నేనేనని, ఆ మాట ఇన్నేళ్లూ చెప్పలేకపోయానని ఆమెకు చెప్పాను.

"నాకెరుకే బిడ్డా," అంది అత్త. "మా మేనకోడలు రాత సూడుండ్రి, ముత్యాలోలె ఉన్నదని మీ మామ లైనంత తిప్పి సూపెట్టిండు."

దుకాణం ఎప్పటిలాగే పొద్దుగూకగానే మూసి ఉంటే ఆ బిడ్డ దక్కేదా అని అడిగాను. అడగకూడని ప్రశ్న అని తెలిసే అడిగాను. అత్త కొంగుతో మోకాళ్లు కప్పుకుంది.

"పొద్దుగూకంగ అచ్చిన్నాడు గూడ కొట్టిండు గదనే. కొట్టంగ మీరంత వాకిట్ల ఉంటిరి. ఆనాడు ఎవ్వరు లేరు. నేను గోడ కొట్టిన. రెండుసార్లు కొట్టిన. మీ అవ్వ లేస్తదనుకున్న. పొద్దంత కట్టం జేసి పండుకున్నది, ఎట్ల లేస్తది పాపం."

ఆ గోడకు ఇవతల పడుకున్నది అవ్వ కాదు. ఆ గోడ పక్కన నా చాప ఉండేది. అది నేను అత్తకు చెప్పలేదు. జమ్మికుంట నుంచి వచ్చాక డైరీలో మాత్రం రాసుకున్నాను.

ఆ లైన్లు ఇప్పుడు లేవు, బొగ్గు కోసం ఆ నేలంతా తవ్వేశారు. వాగు దారి మళ్లింది. బీడీలు చుట్టే చాటలు అటకల మీద కూడా కనబడవు. మా వీధిలో ముప్పై ఇళ్లున్నాయి, అన్నింటికీ ఇనుప గేట్లు, పొద్దుగూకేసరికి అన్నీ మూసుకుంటాయి. షాపు షట్టర్ ఏ వేళకు పడుతుందో నేను రోజూ రాసుకుంటున్నాను. షట్టర్ పడ్డాక మోటారుసైకిళ్లు ఒక్కొక్కటే వచ్చి ఒక్కో గేటు ముందు ఆగుతాయి, అంతవరకు వినబడుతుంది. ఆ తర్వాత ఏ ఇంట్లో ఎవరు గోడ కొట్టినా తెలియదు. నేను కూడా కిటికీలు మూసి, కూలరు వేసుకుని పడుకుంటాను.