ఒక్కో వెంట్రుకకూ ఒక్కో సూది

రాబర్ట్‌సన్‌పేట బజారులోని మా బట్టల అంగట్లో చీరలు చూపించేది నేనే. రంగు సరిగ్గా తెలియాలంటే ట్యూబ్‌లైటు చాలదు. కొనేవాళ్లు చీరను గుమ్మం దాకా తీసుకెళ్లి ఎండలో చూసుకుంటారు. వాళ్ల వెంట నేను మాత్రం ఎప్పుడూ వెళ్లేదాన్ని కాదు. ఎండలో నా చుబుకం కనబడుతుందని భయం.

కాలేజీలో ఉండగానే అక్కడ నల్లటి, గట్టి వెంట్రుకలు మొదలయ్యాయి. హార్మోన్ల తేడా అన్నారు. మాత్రలతో నెలసరి దారికొచ్చింది కానీ వెంట్రుకలు పోలేదు. పెళ్లయ్యాక రోజూ అందరికంటే ముందే లేచి, స్నానాలగది గడియ పెట్టుకుని, ప్లక్కర్‌తో పీక్కునేదాన్ని. తర్వాత బెంగళూరులో లేజర్ చేయించుకుంటే చాలావరకు తగ్గాయి. నలభై దాటాక మిగిలినవాటిలో తెల్లవి కనబడడం మొదలైంది. వాటిని లేజర్ ఏమీ చేయలేకపోయింది.

కోలారులో ఒక చర్మవైద్యురాలు ఎలక్ట్రాలిసిస్ చేస్తారని తెలిసి వెళ్లాను. ఆమె భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు.

"లేజర్ నల్లరంగును వెతుక్కుంటా పోతాదమ్మా. తెల్లదాంట్లో దానికి పట్టు దొరకదు. నా సూదికి రంగుతో పనిలేదు. వెంట్రుక మొలిచే గుంతలోకి సన్నగా దింపి రవ్వంత కరెంటు ఇస్తాను. వేరు చచ్చిపోతాది."

"అన్నీ ఒకేసారి అయిపోతాయా?"

"కావు. ఒక్కోదానికీ విడిగా చేయాల. కొన్ని ఇప్పుడు లోపల నిద్రపోతా ఉండాయి, అవి పైకి వచ్చినప్పుడు మళ్లీ రావాల. ఏడాది పైనే పట్టొచ్చు. ఇంగొకటి, పీకేది, త్రెడింగు చేసేది ఈ రోజుతో మానేయాల. పీకేస్తే నా సూదికి దారి దొరకదు. నేను పట్టుకునేంత పొడుగు పెంచుకోని రా."

నొప్పి గురించి ఎంత చెప్పినా భయపడలేదు. ఈ మాటకు మాత్రం నీరసం వచ్చింది. వదిలించుకోవాలంటే ముందు నలుగురికీ కనబడేలా పెంచుకోవాలి. దాచుకోవడమే అలవాటైన మనిషికి అంతకంటే కష్టమైన వైద్యం లేదనిపించింది.

మొదట్లో మాస్కు పెట్టుకుని అంగట్లో కూర్చున్నాను. జలుబేమోనని అత్తమ్మ మిరియాల కషాయం కాచి తెచ్చింది. ఆమెకు అబద్ధం చెప్పలేక మాస్కు తీసి చూపించి, అంతా చెప్పాను. ఆమె నా చుబుకం పట్టుకుని కాసేపు చూసింది.

"నువ్వు పొద్దున్నే గడియ పెట్టుకునేది నాకు తెలుసమ్మా. నువ్వు బయటికి వస్తూనే నేను పోయి పెట్టుకుంటా ఉంటి. నాకూ ఉండాయి."

ఒకే ఇంట్లో, ఒకే అద్దం ముందు, ఇన్నేళ్లూ ఒకరికొకరం చెప్పుకోకుండానే గడిపాం. నాకు నవ్వొచ్చింది. ఆమెకు నవ్వు రాలేదు. మరుసటి రోజు నుంచి అంగట్లో నా పక్కనే కూర్చునేది. నేను మాస్కు తీసేశాను.

ఒక మధ్యాహ్నం నంగలి నుంచి పెళ్లిబట్టలకని ఒకామె వచ్చింది. చీరలు విప్పి చూపిస్తుంటే ఆమె చూపు నా ముఖం మీదే ఆగిపోయింది.

"ఏందక్కా, నీకు గడ్డం వచ్చిండాది?"

నా చెయ్యి చుబుకం మీదికి పోయింది. అత్తమ్మ ఊరుకోలేదు. "వైద్యం చేయించుకుంటా ఉండాది. నీకు చీర కావాల్నా, ఆమె గడ్డం కావాల్నా?"

ఆమె సిగ్గుపడి తలదించుకుంది. చీరలు తీసుకుని వెళ్లబోతూ నా దగ్గరికి వంగింది. "యాడ చేస్తారక్కా? మా పాపకూ ఇట్లే ఉండాది. కాలేజీకి పోనని ఏడుస్తాది." చిరునామా చెప్పాను. ఆ మాట అంత గట్టిగా ఎలా చెప్పానో నాకే తెలియదు.

సూది దిగినప్పుడు పోపు చిట్లి చర్మం మీద పడినట్టు చురుక్కుమనేది. ఆ తర్వాత వెంట్రుక లాగినట్టే తెలియకుండా జారి వచ్చేసేది. సాయంత్రానికి ఎర్రబడి, తర్వాత చిన్న చిన్న పక్కులు కట్టేది. గోకకుండా ఉండడమే పెద్ద పని. పసుపు రాస్తానని అత్తమ్మ వచ్చేది, డాక్టరమ్మ వద్దన్నారని ఆపేదాన్ని.

ఏడాది దాటాక చుబుకం నునుపైంది. కుడివైపు మాత్రం చిన్న మచ్చ ఉండిపోయింది. చచ్చిన వేరు మళ్లీ మొలవదు కానీ, నా ఒంటి తీరును బట్టి కొత్తవి రావచ్చని డాక్టరమ్మ ముందే చెప్పారు. ఎప్పుడైనా ఒకటి వస్తే వెళ్లి చేయించుకుంటాను. అత్తమ్మను కూడా రమ్మని అడిగాను.

"నాకొద్దులేమ్మా. నీకు చెప్పుకున్నాక అవి నన్ను అంతగా బాధపెట్టడం లేదు" అంది.

ఇప్పుడు ఆమెవి నేనే తీస్తున్నాను, మేడమీద, పగటి వెలుతురులో.