ఎడ్నాకి చలేస్తుందేమో

నార్మన్ ఎంట్‌విజిల్‌కి దిగులు పడటానికి కారణం అక్కర్లేదు. కొండమీది పాత నేతమిల్లుల ఊళ్లో ముప్ఫై ఏళ్లు బస్సుల ఇంజన్లు బాగుచేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ వీధిలో బస్సు ఆగితే చెవి నిక్కించి, "దీని గేర్లు ఈ నెల దాటవు" అని పెళ్లాంతో అంటాడు. ఆ బస్సు మూడేళ్లుగా తిరుగుతూనే ఉంది. చెయ్యి తిరిగిన మనిషే, కాదనను. కానీ చేతికంటే మనసు ముందు పరిగెత్తే రకం. గ్లెండా ఆయన్ని కట్టుకుని ముప్ఫై ఆరేళ్లయింది కాబట్టి మొగుడి దిగుళ్లని వానతో సమానంగా చూస్తుంది. ఆ ఊళ్లో వాన పడిందని ఎవరూ కంగారు పడరు.

ఆయన దిగుళ్లన్నిట్లోకీ పెద్దది మేడమీద వెనక గదిలో ఉంటుంది. దాని పేరు ఎడ్నా. బర్మా కొండచిలువ, పదకొండడుగులు, ముప్ఫై కిలోలకి తక్కువుండదు. మూరెడు పిల్లగా ఉన్నప్పుడు చెప్పుల డబ్బాలో పెట్టుకుని తెచ్చి, దానికి అత్తగారి పేరు పెట్టాడు. ఇద్దరూ రెప్ప వెయ్యకుండా చూస్తారట, అదీ కారణం.

"మా అమ్మ బతికుంటే ముందు నిన్ను మింగేది," అంది గ్లెండా. నవ్వుతూనే అంది లెండి.

ఆ గది ఉత్తరం వైపు. రాతిగోడలు, ఎండ మొహం ఎరగవు. అందులో నార్మన్ రెండు పాత బట్టల బీరువాలు విప్పి, ఆ చెక్కతో ఎనిమిదడుగుల పెట్టె కట్టాడు. ముందు జరిపే అద్దాలు. లోపల ఒక చివర పైన హీటరు, ఎడ్నా దాన్ని చుట్టుకుని కాల్చుకోకుండా ఇనప జాలి. రెండో చివర నీళ్ల తొట్టి. బయట గోడకి ఒక చిన్న యంత్రం, దాన్నుంచి ఒక తీగ వెనక కన్నంలోంచి పెట్టెలోకి వెళ్తుంది. తీగ కొస లోపలి వేడి ఎంతో చూసి చెబుతుంది. వేడి చాలకపోతే యంత్రం హీటరు వెలిగిస్తుంది, చాలితే ఆర్పేస్తుంది. పెద్ద విద్యేమీ కాదు. అయినా నార్మన్ రోజుకి పాతికసార్లు మేడెక్కి యంత్రం మీది అంకె చూసి దిగుతాడు.

జనవరిలో మంచు పడింది. ఆదివారం ఎడ్నా కుందేలుని మింగింది. సోమవారం పొద్దున ఇంటిని వెచ్చబెట్టే బాయిలర్ చచ్చింది. బాగుచేసేవాడు శుక్రవారం దాకా రాలేనన్నాడు.

ఇక చూడాలి నార్మన్‌ని! కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. పాముకి తిన్నది అరగాలంటే బయటినుంచి వేడి అందాలి. ఒళ్లు చల్లబడిందా, కడుపులో కుందేలు అక్కడే కుళ్లుతుంది, దాంతో పామూ పోతుంది. అందుకని ఇంట్లో ఉన్న బొంతలన్నీ పెట్టెకి కప్పాడు. చాల్లేదని ఎదురింటి క్లిఫ్‌ని అడిగాడు.

క్లిఫ్ రెండు బొంతలు భుజాన వేసుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "నా పెళ్లానికి కూడా ఇన్ని కప్పలేదోయ్ ఎప్పుడూ."

"అందుకే అది చెల్లెలి దగ్గరికి పోయింది," అంది గ్లెండా లోపల్నుంచి.

బుధవారం పొద్దున నార్మన్ క్లిఫ్ బొంతల్ని పెట్టె వెనక, గోడసందులోకి కుక్కాడు. మనిషి దూరని సందు, చెయ్యి మాత్రమే దూరుతుంది. బలంగా కుక్కి, చేతులు దులుపుకుని, టీ తాగడానికి దిగాడు. తిరిగి మేడెక్కి చూస్తే, పొద్దున ముప్ఫై ఒకటి ఉన్న అంకె పంతొమ్మిదికి పడిపోయింది.

రబ్బరు సీసాల్లో వేణ్ణీళ్లు పోసి పెట్టె పక్కన పేర్చాడు. మధ్యాహ్నానికి అంకె పదమూడు. హీటరు ఆగకుండా వెలుగుతోందని యంత్రం మీది ఎర్రదీపం చెబుతూనే ఉంది. అయినా అంకె కిందికే పోతోంది.

"ఒకసారి పెట్టె తలుపు తీసి చెయ్యిపెట్టి చూడరాదూ," అంది గ్లెండా.

"తీస్తే ఉన్న వేడీ పోతుంది."

"నిమిషమే కదా."

"వేడి పోడానికి నిమిషం, రావడానికి పూట. నీకు తెలీదు, ఊరుకో."

ఆమెకి తెలియకపోవడమేం, వందసార్లు విన్న మాట. పాములు పెంచేవాళ్ల సంఘంలో కొత్తగా చేరినవాళ్లకి ఆయన చెప్పే మొదటి పాఠమే అది. చలిలో తలుపు ముట్టుకోకూడదు, యంత్రాన్ని నమ్ముకోవాలి. ఆ మాటకొస్తే సంఘంలో ఎవరూ ముట్టుకోరు. నార్మన్ తన కోటు కూడా విప్పి పెట్టెమీద పరిచి, గజగజ వణుకుతూ కుర్చీలో కూర్చున్నాడు. పొద్దున్నుంచి ముద్ద మింగలేదు.

మూడింటికి గ్లెండా ఆయనకి రొట్టె తెచ్చి, పెట్టెకి వీపు ఆనించి నేలమీద కూలబడింది. కాసేపటికి కదిలింది. ఇంకాసేపటికి వెనక్కి తిరిగింది.

"నార్మన్, ఇది కాలుతోందేమిటి?"

"నీళ్ల సీసాలు పెట్టాను కదా."

"సీసాలు ఆ చివర కదా పెట్టావు." ఆమె బొంత ఎత్తి అద్దం మీద చెయ్యి వేసి, చురుక్కుమని వెనక్కి లాక్కుంది. అద్దం నిండా ఆవిరి.

నార్మన్ యంత్రం వైపు చూశాడు. పదకొండు. అద్దం వైపు చూశాడు. అప్పుడు లేచి, ఆ తీగని పట్టుకుని వేళ్లతో తడుముకుంటూ పెట్టె వెనక్కి వెళ్లాడు. తీగ కొస పెట్టెలో లేదు. క్లిఫ్ ఇచ్చిన బొంతని తను కుక్కినప్పుడు దాంతోపాటు బయటికి వచ్చేసి, గోడసందులో రాతికి ఆనుకుని చల్లగా వేలాడుతోంది. పొద్దున్నుంచి అది చెబుతున్నది గోడ సంగతి. ఆ మాట నమ్మి హీటరు ఆరుగంటలు ఎడ్నాని కాల్చింది.

గ్లెండా హీటరు ఆపి అద్దాలు జరిపింది. లోపల్నుంచి పొయ్యి తలుపు తీసినంత సెగ, కుందేలు కుళ్లిన కంపు. ఎడ్నా తిన్నదంతా కక్కేసింది. నీళ్ల తొట్టి ఎండిపోయి ఉంది, అందులోనే ముద్దగా పడి ఉంది, నోరు తెరుచుకుని. వీపుమీద చెయ్యంత మేర పొలుసులు నల్లబడ్డాయి.

ఇద్దరూ చెరోవైపు ఎత్తి స్నానాల గదికి మోశారు. తడిపిన దుప్పటిలా వేలాడింది. పశువుల డాక్టరు కొండకి అవతల, మంచుతో దారి మూసేశారు. గ్లెండా ఫోన్ చేస్తే డాక్టరమ్మ గబగబా చెప్పింది.

"చన్నీళ్లు పొయ్యకండి, తట్టుకోలేదు. గోరువెచ్చగా ఉండాలి. తలమాత్రం పైకి పట్టుకుని వెల్లకిలా తిప్పండి. తనంతట తాను బోర్లా తిరిగితే బతుకుతుంది."

"తిరక్కపోతే?"

"ఓపిక పట్టండి," అంది డాక్టరమ్మ.

పంపులో వచ్చేవి మంచునీళ్లే. రబ్బరు సీసాల్లో నీళ్లు, కెటిల్లో నీళ్లు అన్నీ కలిపి స్నానాల తొట్టిలో పోశారు. నార్మన్ మోకాళ్లమీద కూర్చుని ఎడ్నాని అందులోకి దింపి వెల్లకిలా తిప్పాడు. తెల్లటి పొట్ట పైకొచ్చింది. అలాగే ఉండిపోయింది.

పది నిమిషాలు. ఇరవై నిమిషాలు.

"నేనే చంపేశాను. వేలు పెట్టి చూస్తే తెలిసిపోయేది. నువ్వు చెప్పావు కూడా."

"ఇంకా చావలేదు. ఏడుపు తర్వాత, ముందు తల పట్టుకో," అంది గ్లెండా.

తోక కొస కదిలింది. నీళ్ల కదలికేమో అనుకున్నారు. మళ్లీ కదిలింది. మెడ దగ్గర ఒక మడత పుట్టి, మెల్లగా కిందికి పాకి, సగంలో ఆగిపోయింది. అప్పుడు ఎడ్నా ఒళ్లంతా ఒక్కసారి మెలితిరిగి బోర్లా పడింది. నీళ్లు నేలంతా చిందాయి.

"బంగారుతల్లీ," అంటూ నార్మన్ తల నిమరబోయాడు. ఎడ్నా తల ఎత్తి ఆయన అరచేతిని కరిచి పట్టుకుంది. ఇన్నేళ్లలో ఎన్నడూ ఆయనమీద బుసకొట్టిన పాము కాదు. మణికట్టు మీదుగా నెత్తురు నీళ్లలోకి కారింది.

గ్లెండా దాని దవడ విప్పబోయింది.

"వద్దు వద్దు, లాగకు. దాని పళ్లు విరుగుతాయి."

"చెయ్యి పోతుంది మహానుభావా."

"కాసేపు ఉండనీ." కళ్లనుంచి నీళ్లు కారుతుంటే, రెండో చేత్తో దాని కాలిన వీపుమీద నీళ్లు పోస్తూ, ఆయన పెళ్లాం వైపు చూశాడు. "గట్టిగానే పట్టిందే."