పుక్కిలించిన నీళ్లు

కళ్యాణదుర్గం బస్సులో నా పక్కన కూర్చున్నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాళ్ల మధ్య కరివేపాకు మొక్క పెట్టుకున్నాడు. డబ్బా విప్పి చిత్రాన్నం తిన్నాడు. తిన్న డబ్బాలోనే చెయ్యి కడిగాడు. తర్వాత సీసా ఎత్తి నోరు పుక్కిలించి, ఆ నీళ్లు కూడా డబ్బాలోకే ఉమ్మాడు. పసుపు నూనె, మెతుకులు, నురగ తేలుతున్న ఆ నీళ్లను మెల్లగా మొక్క మొదట్లో పోశాడు. నేను కాళ్లు పక్కకు లాక్కున్నాను.

"కిటికీ ఉండాది కదన్నా, బయటికి ఉమ్మేయకూడదా?" అన్నాను.

ఆయన నొచ్చుకోలేదు. "రోడ్డుకు నీళ్లు పోస్తే ఏం మొలుస్తాదప్పా?" అంటూ డబ్బాలో మిగిలిన చుక్కలు కూడా మొక్క మీద దులిపాడు. ఒకటి నా చెప్పు మీద పడింది. దిగేదాకా ఆయన వైపు చూడలేదు.

ఆ ఎండాకాలం మా బోరు ఎండిపోయింది. పెరట్లో కరివేపాకు చెట్టు ఆకు రాల్చసాగింది. ట్యాంకరు నీళ్లు కొని చెట్టుకు పోయడానికి ఎవరికీ మనసొప్పలేదు.

ఆ చెట్టు ఇప్పుడు పచ్చగానే ఉంది. చారులో దాని ఆకు తగిలితే మాత్రం నాకు ఆ డబ్బానే గుర్తొస్తుంది. ఆకు తీసి పక్కన పడేసి, తినడం అయ్యాక నోరు పుక్కిలించడానికి చెట్టు దగ్గరికే పోతాను.