తాబేలును బోర్లా గీసిన పిల్లలు

దెయ్యాలూ ఆత్మలూ ఉన్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. అన్యాయం జరిగితే కాగితం మీద రాసి, నకలు దగ్గర పెట్టుకుని, పై అధికారికి ఇవ్వాలని మాత్రం నమ్ముతాను. కాబట్టి దీన్ని భక్తి కథలా చదవొద్దని మనవి.

అనకాపల్లిలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం మ్యూజియానికి నేను అటెండర్ని. మేడ మీద ఒకటే పొడవాటి గది. సీసాల్లో పాములు, చేపలు, గోడ వారన ఎముకలు, కిటికీ పక్కన అద్దాల పెట్టెలో ఒక సముద్రపు తాబేలు.

ఆ తాబేలును ఇచ్చింది మా నాన్న. ఆయన సముద్రం మీద వేటకెళ్లే మనిషి. నా చిన్నప్పుడు అది చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తే, పిల్లల చదువుకి పనికొస్తుందని కాలేజీవాళ్లు అడిగారు. మావాళ్లకి తాబేలు దేవుడు. వలలో పడితే పసుపు పెట్టి, దణ్ణం పెట్టి వదిలేస్తారు. చచ్చిపోతే ఇసుకలో పూడుస్తారు. పూడ్చకుండా ఇచ్చేశాడని రేవులో కొందరు నాన్నతో మాట్లాడడం మానేశారు. వాళ్ల పేర్లు నాకిప్పటికీ గుర్తే.

నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది నాన్న దాన్ని చూడ్డానికి వచ్చాడు. పెట్టెలో తాబేలు వెల్లకిలా ఉంది. పొట్ట భాగం విద్యార్థులకు కనబడాలని అలా పెట్టారు. మావాళ్లు తాబేలును అలా ఎప్పుడూ ఉంచరు. వెల్లకిలా పడితే దానంతట అది తిరగలేదు, చూసినవాడే తిప్పాలి.

"బాబూ, దాన్ని బోర్లా తిప్పండి. ఊపిరాడదు దానికి," అన్నాడు నాన్న, అప్పటి లెక్చరర్‌తో.

"చచ్చినదానికి ఊపిరేంటయ్యా?" అని ఆయన పిల్లల ముందు నవ్వాడు. వాళ్లూ నవ్వారు. నాన్న మెట్లు దిగిపోయాడు. మళ్లీ ఆ మేడ ఎక్కలేదు.

ఆ తర్వాత ఎంతమంది ప్రిన్సిపాళ్లు మారారో అంతమందికీ అర్జీ పెట్టాను, తాబేలును తిప్పమని. ఒకరైతే నా అర్జీ మీదే టీ గ్లాసు పెట్టారు. నాన్న పోయి ఆరేళ్లయింది. పోయే ముందు వారం కూడా "తిప్పేరేట్రా దాన్ని?" అని అడిగాడు.

కిందటేడు జంతుశాస్త్రానికి కొత్త లెక్చరర్ మేడమ్ వచ్చారు. అంతకు ముందు బడి పిల్లలు వస్తే చేతులు కట్టుకుని వరసలో నడిచి, పది నిమిషాల్లో దిగిపోయేవారు. ఆవిడ 'తాకరాదు' బోర్డు తీయించారు. నాకు ఒక్క మాట చెప్పకుండా తీయించారు, అది వేరే సంగతి. పిల్లలందరికీ కాగితం, రంగు పెన్సిళ్లు ఇచ్చి, నచ్చిన జీవి ముందు కూర్చుని బొమ్మ గీయమనేవారు.

మొన్న డిసెంబరులో ఒక శనివారం పొద్దున్న రావికమతం వైపు నుంచి ఐదో తరగతి పిల్లలు వచ్చారు. వాళ్లెవరూ సముద్రం చూడలేదని టీచరే చెప్పింది. రిజిస్టరు పట్టుకుని నేను తలుపు దగ్గర కూర్చున్నాను. ఆ గదికి ఉన్నది అదొక్కటే తలుపు. పెట్టె తాళంచెవి నా జేబులో ఉంది.

కాగితాలు పోగు చేస్తూ చూశాను. తాబేలును ఎంచుకున్నవాళ్లు తొమ్మిది మంది. తొమ్మిది మందీ దాన్ని బోర్లా గీశారు. డొప్ప మీద, మెడకు దగ్గరగా, కొంచెం ఎడమకి, పసుపు చుక్క పెట్టారు. వెల్లకిలా ఉన్న తాబేలు వీపు చూసేవాళ్లకి కనబడదు.

ఎందుకలా గీశావని ఒక పాపను అడిగాను.

"తాత సెప్పేడండి. అలాగుంటే దానికి ఊపిరాడదంట. బోర్లా గియ్యమన్నాడు."

"ఏ తాత?"

"ఆ స్టూలు మీద కూకున్నాడు కదండీ. తల మీద తడి తువ్వాలేసుకుని."

నాన్న ఎండాకాలం, చలికాలం అని లేకుండా తల మీద తడి తువ్వాలుతోనే ఉండేవాడు.

ఇంకేం చెప్పాడని మేడమ్ అడిగితే పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చెప్పారు. గుడ్లు పెట్టేటప్పుడు తాబేలు కళ్ల వెంట నీళ్లు కారతాయట. పుట్టిన పిల్లలు వెలుగున్న వైపు పాకుతాయట. ఈ తాబేలును ఎండ తగలకుండా తడిగోనె కప్పి తెచ్చాడట.

ఆ గోనె మీద దారంతా చెంబుతో నీళ్లు చల్లింది నేను. ఆ సంగతి ఏ అర్జీలోనూ రాయలేదు.

రిజిస్టరు చూశాను. ఆ పొద్దున్న వచ్చినవాళ్లలో ముసలివాళ్లు లేరు.

మేడమ్ తాళంచెవి అడిగారు. ఇద్దరం కలిసి తాబేలును తిప్పాం. వార్నిష్ కింద, మెడకు దగ్గరగా, కొంచెం ఎడమకి, పాత పసుపు మరక ఉంది. నాన్నే పెట్టి ఉంటాడు. ఎప్పుడూ చెప్పలేదు. మేడమ్ మెల్లగా, మీ నాన్నగారి పేరేంటని అడిగారు. ఇన్నేళ్లలో ఆ గదిలో ఆ మాట అడిగింది ఆవిడొక్కరే.

తొమ్మిది బొమ్మలూ నా దగ్గరున్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఇదెలా జరిగిందో నాకిప్పటికీ తెలియదు. తెలిసినట్టు నటించను.

కష్టం ఒక్కటే. ఆ స్టూలుకీ నా కుర్చీకీ మధ్య పది అడుగులు కూడా లేవు. ఊరూపేరూ తెలియని పిల్లలకి అన్ని కబుర్లు చెప్పాడే, నా వైపు తిరిగి ఒక్కసారి 'ఏరా' అనలేదు. ఈ ఫిర్యాదు మాత్రం ఎవరికివ్వాలో నాకు తెలియడం లేదు.