తాతయ్యకు వినిపించని చప్పుడు

నా చిన్నప్పటికే మా తాతయ్యకు చెవుడు బాగా ముదిరిపోయింది. విశాఖపట్నం పోర్టులో ఓడల ఇనపగోడల మీది తుప్పును సుత్తితో కొట్టి రాల్చే పని ఆయనది. ముప్పై ఏళ్ళు ఆ మోతలోనే గడిపాడు. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే కొంత వినపడేది. లేకపోతే పెదాల కదలిక చూసి గ్రహించేవాడు. ఆ చెవుడు సంగతి ఇంట్లో ఎవరూ ఆయన ముందు ఎత్తేవారు కాదు.

ఆయనకో పాత మోటారు సైకిల్ ఉండేది. మిలటరీ వాళ్ళు వాడి వదిలేసినదాన్ని వేలంలో కొని, వయసులో ఉన్నప్పుడు దానిమీద కటక్ దాకా వెళ్ళొచ్చాడట. నాకు పదేళ్ళు వచ్చేసరికి మా నాన్న దాన్ని వసారా స్తంభానికి గొలుసు వేసి కట్టేశాడు. వెనకొచ్చే లారీ హారన్ వినపడని మనిషి రోడ్డెక్కడం ఏమిటని ఆయన భయం. ఆ భయం తప్పని ఇప్పుడు కూడా అనలేను.

ఆ వేసవిలో పలాస అవతలి ఊళ్ళో తాతయ్య చెల్లెలి కూతురికి పెళ్ళి కుదిరింది. చెల్లెలి భర్త మా నాన్నకు ఉత్తరం రాశాడు. చెవిటి బావను ఒంటరిగా పంపవద్దనీ, ఎవరైనా చెయ్యి పట్టుకుని బస్సులో జాగ్రత్తగా తీసుకురావాలనీ. ఆ ఉత్తరం తాతయ్య చేతిలో పడింది. రెండుసార్లు చదివి మడతపెట్టాడు.

"సెవిటోణ్ణే గానీ సచ్చినోణ్ణి కాదు. గొలుసు ఇప్పు" అన్నాడు నాన్నతో.

నాన్న విప్పలేదు. పెళ్ళినాడు పొద్దున్నే తాతయ్య రంపపు బ్లేడు తెచ్చుకుని, అందరి ఎదుటా కూర్చుని గొలుసు కోసేశాడు. తరవాత నన్ను పిలిచాడు.

"ఓలే గుంటా, నా ఎనక కూకుంటావేటి? నాకు సెవులు కావాల."

అమ్మ ఏడ్చింది. నాన్న ముఖం తిప్పుకున్నాడు. నానమ్మ మాత్రం నా జడలు బిగించి వేసి, పులిహోర మూట చేతికిచ్చింది. ఆవిడ సరే అన్నాక ఇంట్లో ఎదురు చెప్పేవాళ్ళు లేరు.

వెనక బండి వస్తే కుడి భుజం మీద ఒకసారి తట్టాలి. ఆగాలంటే వీపు మీద రెండుసార్లు. అవీ మా గుర్తులు. తగరపువలస దాటేసరికే నా భయం పోయింది. శ్రీకాకుళం వంతెన మీద నాగావళి గాలి కొడుతుంటే, ఒక్కో లారీని భుజం మీద తట్టి దాటించడం నాకు ఎక్కడలేని గర్వంగా ఉంది.

టెక్కలి దాటాక ఒక కొత్త చప్పుడు మొదలైంది. వెనక చక్రం వైపు నుంచి, టక్కు టక్కుమని. వీపు మీద రెండుసార్లు తట్టాను. తాతయ్య ఆపి, ఇంజను మీద అరచెయ్యి పెట్టి చూసి, ఏమీ లేదని మళ్ళీ బయల్దేరాడు. చప్పుడు ఆగలేదు. ముహూర్తం సాయంత్రం. బండి చెడిపోయి ఆలస్యమైతే ఆ ఉత్తరం రాసినాయన మాటే నెగ్గుతుంది. అదంతా నాకు తెలుసు. ఆయన మెడ మీది చెమటను చూస్తూ చాలా దూరం నోరు మూసుకుని కూర్చున్నాను. చప్పుడు పెరిగింది. ఇక ఉండబట్టలేక రెండు పిడికిళ్ళతో వీపు మీద బాదాను.

బండి ఆపి ఇంతెత్తున లేచాడు. "నిన్ను బస్సెక్కించి ఇంటికి పంపీమంతావేటి?"

నేను ఏడుస్తూనే ఆయన చెవి దగ్గర అరిచాను. "ఎనక సక్రం కాడ టక్కుటక్కుమంతంది తాతా. నాకు ఇనిపిస్తంది. నీకు ఇనిపించదు."

ఆ మాట ఆయన ముఖం మీద అన్న మొదటిమనిషిని నేనే. ఆయన వంగి వెనక చక్రం పట్టుకుని ఊపాడు. అది వదులుగా ఊగింది. ఇరుసు నట్టు దాదాపు ఊడి చివరికి వచ్చేసి ఉంది. తాతయ్య రోడ్డు పక్క మట్టిలో చతికిలబడ్డాడు.

"ఇది ఎప్పటి నుంచి ఇనిపిస్తంది?"

చెప్పాను. మరి ఇంతసేపు ఎందుకు ఊరుకున్నావని అడిగాడు. నీకు కోపమొస్తుందని అన్నాను.

ఆయన నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకున్నాడు. "నువ్వు ఇన్నది సెప్పు. సెప్పే ముందు నా మొకం సూడకు. ఎవుడి మొకమూ సూడకు."

నట్టు బిగించి, ఎందుకైనా మంచిదని ఇనపతీగ చుట్టి, ఒళ్ళంతా దుమ్ముతో పందిరి ముందు దిగాం. ఉత్తరం రాసినాయన ఎదురొచ్చి, నవ్వుతూ, బండి మీద ఎలాగొచ్చేవు బావా అన్నాడు. తాతయ్య ఆ పెదాలు చదివాడు. గొప్పలు చెప్పుకోవడానికి అంతకంటే మంచి సమయం ఆయనకు మళ్ళీ దొరకదు. ఆయన నన్ను ముందుకు లాగి, చెవిటివాళ్ళ పెద్ద గొంతుతో పందిరంతటికీ వినపడేలా చెప్పాడు.

"దీని సెవుల్తో వచ్చాను. నాను ఏటీ లేదన్నాను. ఈ గుంట ఒప్పుకోలేదు. ఒప్పుకునుంటే ఇద్దరం దారిలోనే పోయేవోళ్ళం."

తిరుగు ప్రయాణానికి వాళ్ళు బస్సు టిక్కెట్లు కొనిస్తామన్నారు. తాతయ్య వద్దన్నాడు. ఈసారి ప్రతి ఊరి దగ్గరా తనే ఆగి, ఏమైనా వినిపిస్తోందా అని నన్ను అడిగాడు.

పెద్దయ్యాక నేను నర్సునయ్యాను. ఒకసారి వార్డులో ఒక పసిబిడ్డ ఊపిరి చప్పుడు మారిందని చెబితే పెద్ద డాక్టరు విసుక్కున్నాడు. మళ్ళీ చెప్పాను. మూడోసారి ఆయన దారికి అడ్డంగా నిలబడి చెప్పాను. ఆయన వెనక్కి వచ్చి స్టెతస్కోపు పెట్టి విన్నాడు. బిడ్డ బతికింది. ఆ తరవాత చాలాకాలం ఆయన నాతో సరిగా మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోయె.

ఇలాంటి మాట చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఎదుటిమనిషికి కోపం వస్తుందేమో ఒక్కసారి చూద్దామని ఇవాళ్టికీ నాకు అనిపిస్తుంది. చూడకుండానే చెప్పేస్తాను.