కంపెనీదా, బయటిదా

మా మగ్గం మీద నేసిన చీరలను కొట్లకు చేర్చేది మా అబ్బాయి పాత కారే. పోయిన వేసవిలో మూటలు వేసుకుని ఇద్దరం బెజవాడ బయల్దేరితే, పామర్రు దగ్గర పొగలు కక్కుతూ ఆగిపోయింది. రేడియేటర్ పోయిందన్నాడు మెకానిక్. కంపెనీది వేయమంటారా, బయటిదా అని అడిగాడు. బయటిదైతే సగం ధర కూడా కాదట.

సగం ధర అనే మాట నాకు పడదు. మరమగ్గం చీరను చేనేతని చెప్పి సగానికి అమ్మడం మొదలయ్యాకే మా వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. మాదీ తీసేసి ఆ గది అద్దెకిద్దామని అబ్బాయి ఎప్పటినుంచో అంటున్నాడు. నకిలీ ఎన్నాళ్లు నిలుస్తుందిరా, జనానికే తెలిసొస్తుంది, ఆగమని నేనే ఆపుతూ వచ్చాను.

అయినా ఖర్చు దగ్గరకొచ్చేసరికి బయటిదే తెమ్మన్నాను. ఆటోనగర్ నుంచి బస్సులో వేయించి తెప్పించాడు. ఒళ్లో పెట్టుకుని, చీరను చూసినట్టే తిరగేసి చూశాను. చేనేతైతే అంచు వెంబడి సన్నటి సూది చిల్లులుంటాయి. ఇందులో నాకేం తెలుస్తుంది?

"రెండూ పక్కపక్కన పెడితే నేనే పోల్చలేనండి మామ్మగారూ. బండికి నీళ్లు చల్లబడితే చాలు, ఎవరు చేశారో దానికెందుకు?" అన్నాడు మెకానిక్.

గవర్నర్‌పేట కొట్టాయన మా చీరలు వెనక్కి నెట్టిన రోజు కూడా ఇదే మాట. కట్టుకునే ఆవిడకి చీర కావాలిగానీ, ఎవరు నేశారో ఆవిడకెందుకమ్మా అన్నాడు.

ఆ రేడియేటర్ పాడవ్వాలనే నేను కోరుకున్నాను. పెట్టిన డబ్బు పోయినా సరే. కారు ఇంటికొచ్చినప్పుడల్లా బానెట్ మీద చెయ్యి వేసి చూసేదాన్ని, వంగి కింద తడి ఉందేమోనని వెతికేదాన్ని. వానలు వెళ్లాయి, మళ్లీ ఎండలు ముదిరాయి. చెయ్యి కాలలేదు. నేల తడవలేదు.

మొన్న అన్నం తింటూ అబ్బాయి మళ్లీ మగ్గం మాట ఎత్తాడు.

"బండెట్లా నడుస్తోందిరా?" అని అడిగాను.

"దానికేం, బానే నడుస్తోంది. చుక్క కారలా. నీ నకిలీ గట్టిదే అమ్మా," అన్నాడు నవ్వుతూ.

"అయితే మగ్గం తీసెయ్," అన్నాను.

వాడు నవ్వడం మానేశాడు. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి ఆ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకు కూర్చున్నదాన్ని. కర్రలు విప్పడానికి ఒక పూట కూడా పట్టలేదు. గుంట పూడ్చే మట్టి సంచులను వాడు ఆ కారు డిక్కీలోనే తెచ్చాడు. ట్రాలీ ఆటోకి కిరాయి దండగని నేనే చెప్పాను.