ట్రైలర్‌లో సెల్యూట్ కొట్టిన నాన్న

నిన్న మధ్యాహ్నం పిల్లాడికి అన్నం తినిపిస్తుంటే టీవీలో ఏదో మిలటరీ సినిమా ట్రైలర్ వచ్చింది. మావాడు నోట్లో ముద్ద ఉండగానే చెయ్యెత్తి సెల్యూట్ కొట్టాడు. నేను గబుక్కున టీవీ కట్టేశాను. ట్రైలర్లను నమ్మకూడదని మా ఇంట్లో అందరికీ ఒకే సాయంత్రం తెలిసొచ్చిన సంగతి నాలుగేళ్ళవాడికి ఏమని చెప్పను?

అప్పుడు మేం బెంగాల్లో, ఓడరేవు పక్కనున్న ఏక్‌బాల్‌పూర్‌లో ఉండేవాళ్ళం. నాకు తొమ్మిదేళ్ళు. నాన్నది డాక్‌లో సరుకు దించే పని. తాతయ్యా అదే పని చేస్తూ, ఓడ అడుగున మూట మీదపడి పోయాడు. దుప్పటి కప్పి ఇంటికి తెచ్చారట. తీసి చూసింది నాయనమ్మే. అందుకే రోజూ నాన్న వచ్చే వేళకి ఆవిడ సందు మొదట్లో నిలబడేది, వానొస్తే గొడుగేసుకుని మరీ. నాన్నతో పాటే పనిచేసే మా మావయ్య, "బడి ఇడిసిపెట్టేరేటి బావా, మీ అమ్మ ఎదురొచ్చింది!" అని ఆటపట్టించేవాడు.

ఒక చలికాలం హిందీ సినిమావాళ్ళు డాక్‌కి వచ్చి, ఓడెక్కే సైనికుల వేషాలకి మావాళ్ళలో పదిమందిని ఎంచుకున్నారు. నాన్న మీసం గొరిగించుకుని ఇంటికొస్తే అమ్మ తలుపు సగం తెరిచి "కౌన్?" అంది. కొన్నాళ్ళకి ఖిదిర్‌పూర్‌లో ఒక హాల్లో వేరే సినిమా విరామంలో దాని ట్రైలర్ వేశారు. ఓడ కూత, పేలుళ్ళు, ఆ మధ్యలో రెప్పపాటు నాన్న! ఇనపటోపీ పెట్టుకుని, ఓడ కమ్మీల పక్కన సెల్యూట్ కొడుతూ. మా సందువాళ్ళందరూ ఆ రెప్పపాటు కోసమే టిక్కెట్లు కొని, అది కాగానే మిగతా సినిమా వదిలేసి లేచొచ్చేసేవాళ్ళు. నాయనమ్మ నాలుగుసార్లు చూసింది. ఆ తర్వాత సందు మొదటికి వెళ్ళడం మానేసింది. "అన్ని బాంబుల మధ్య నిబ్బరంగా నిలబడ్డాడు, నా కొడుక్కి ఇంకేటవుద్దే?" అంది అమ్మతో.

సినిమా విడుదలైన రోజు ఇరవైమందిమి వెళ్ళాం. ఓడ ఇప్పుడొస్తుంది, అప్పుడొస్తుంది అని చూస్తున్నాం. రాదే! హీరో కొండల్లో కల్నలుగారి అమ్మాయితో పాటలు పాడతాడు, ఆవిడ అలుగుతుంది, ఈయన ప్రమోషన్ కోసం బెంగపడతాడు. యుద్ధమంతా రేడియోలోనే జరిగిపోయింది. "ఏటి బావా, ఓడ ములిగిపోనాదేటి?" అన్నాడు మావయ్య. అందరం నవ్వాం. నాన్న మాత్రం సీటు అంచుకి జరిగి కూర్చున్నాడు.

ఆఖర్న ఒక ఆసుపత్రి వసారా. నేలమీద వరసగా దుప్పట్లు కప్పిన శవాలు. హీరోయిన్ ఒక్కొక్క దుప్పటీ తీసి చూస్తోంది. మూడో దుప్పటి కింద నాన్న. తెరనిండా, కళ్ళు మూసుకుని, నుదుట నెత్తురుతో. నాన్న నా పక్కనే ఉన్నాడన్న సంగతి కూడా గుర్తు రాలేదు. నాయనమ్మ లేచి నిలబడి, "లెగరా బాబూ! లెగరా!" అని అరిచింది. వెనక నుంచి ఒక బెంగాలీ పెద్దాయన, "బోషున్ మాషీమా, బోషున్, సినేమా తో" అన్నాడు మెల్లిగా, కూర్చోమని, సినిమాయే కదా అని.

"అమ్మా, నానిక్కడున్నాను. ఇలా చూడు, అదంతా ఉత్తిదే" అని నాన్న చెయ్యి పట్టుకు లాగుతున్నా ఆవిడ తెరకేసే చూస్తోంది. అమ్మ అడక్కుండానే నాన్న, "పడుకోమన్నారు, పడుకున్నాను. అది కోసేస్తారనుకున్నానే" అన్నాడు. వాళ్ళు కోసేసింది సెల్యూట్‌ని.

చివరికి నాయనమ్మ కూర్చుని, ఆ చీకట్లోనే నాన్న మొహమంతా తడిమింది. నుదురు రుద్ది వేళ్ళు చూసుకుంది. ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూసింది. నాన్న చిన్నపిల్లాడిలా మొహం అప్పగించి కదలకుండా కూర్చున్నాడు. అంతమందిలో ఇదేమిటని నాకు సిగ్గుతో తల వాలిపోయింది.

నాన్నకప్పుడు ముప్ఫై ఏళ్ళు, సరిగ్గా ఇప్పటి నా వయసు. నాకేమో ఆయన కొండంత పెద్దవాడు. ఆవిడ చేతులకి ఆయన ఎంత చిన్నవాడో నాకు తెలియడానికి మాత్రం ఇరవై ఏళ్ళు పట్టింది.